పిట్ట ముట్టని మెతుకు

పోయినవారం భాగంలో వనమాలను బడి గోడ పక్కన, ఎండలో, నోట మాట లేకుండా నిలబెట్టి వచ్చాం. రమాదేవి టీచరమ్మ అడిగింది చాలా చిన్న ప్రశ్న. "పిల్ల సంగతి సరే వనమాలా, నువ్వెట్లున్నవ్?" అంతే. ఎనిమిది నెలలుగా మానుకోట బజారులో ఒక్కరికీ తట్టని మాట అది. అందరూ పిల్ల గురించి అడిగేవాళ్లే. మాట్లాడిందా, తిన్నదా, గాలి వదిలిందా అని. ఆ పిల్లకు నీళ్లు పోసి, తల దువ్వి, పక్కలో వేసుకుని పడుకునే మనిషికీ ఒక కడుపు, ఒక కంటినిద్ర ఉంటాయని ఎవరికి పట్టింది గనక? వనమాల కొంగు నోట్లో కుక్కుకుని ఇంటికి వచ్చేసింది.

వెనకటి వారాలు తప్పిపోయిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు. వెంకట్రాజం గారిది మానుకోట బజారులో కిరాణా దుకాణం. కోడలు సునంద పోయిన జ్యేష్ఠంలో కానుపు కష్టమై చనిపోయింది, పుట్టిన బిడ్డా దక్కలేదు. తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉన్న రోజులవి. బస్సులు బంద్, రైళ్లు బంద్. వరంగల్ దవాఖానకు తీసుకుపోయే దారి లేక మంచంలోనే కన్ను మూసింది. మొగుడు సోమేశ్వర్ అప్పటికి జైల్లో ఉన్నాడు. పికెటింగ్‌లో పట్టుకుపోయారు. పెళ్లాం మొహం కడసారి చూసుకునే రాత కూడా లేకపోయింది. మిగిలింది ఎనిమిదేళ్ల బుజ్జి.

తల్లి దినాల నాటి నుంచి ఆ పిల్ల నోరు విప్పలేదు. పెట్టినదాంట్లో సగం తిని, సగం మిద్దె మీదికి పట్టుకుపోతుంది. మందులయ్యాయి, మంత్రాలయ్యాయి, కురవి వీరభద్రుడికి ముడుపు కట్టడమూ అయింది. చివరికి సునంద అన్న కైలాసం మొగుళ్లపల్లి నుంచి కబురు పెట్టాడు. మహదేవపూర్ అవతల గోదారి ఒడ్డున ఒక మంత్రగాడు ఉన్నాడట. నలభై ఒక్క రోజులు కాలికి గొలుసు వేసి ఉంచుకుంటాడట, ఎంతటి గాలైనా దిగాల్సిందేనట. ఇంటివాళ్లు ఒక్కరు కూడా దగ్గర ఉండకూడదట. ఎనిమిదేళ్ల పిల్లకు గొలుసు! ఈ రోజే, రెండింటి ప్యాసింజర్‌కు ప్రయాణం. కైలాసం వరంగల్ స్టేషన్లో కాచుకుని ఉంటాడు.

వనమాల సోమేశ్వర్‌కు చెల్లెలు. ఇరవై రెండేళ్లకే మొగుడు పోయి పుట్టింటికి చేరింది. ఇప్పుడు ముప్పై. వదిన పోయిన నాడే బుజ్జి ఆమె ఒళ్లోకి వచ్చింది. నిజం చెప్పుకుందాం, ప్రేమ ఒక్కటే ఉంటే ఇంత కథ లేదు. పిల్ల నిద్రలో పళ్లు కొరుకుతుంటే పక్కన కళ్లు తెరుచుకుని పడుకుని, ఇది కూడా వాళ్లమ్మ వెంబడే పోతే బాగుండు అని ఒకనాడు అనుకుంది వనమాల. అనుకున్న మరుక్షణం తన చెంప తానే వాయించుకుంది. ఈ మాట ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పుకుంటే ఉమ్మేస్తారు, చెప్పుకోకపోతే లోపల పుండవుతుంది. నిన్న టీచరమ్మ అడిగినప్పుడు ఆమె గొంతుకు అడ్డం పడింది ఇదే. దీని వెనక ఇంకొకటి కూడా ఉంది. అది దీనికంటే పెద్దది.

టీచరమ్మ వదిలేసే మనిషి కాదు. జనగామ నుంచి బదిలీ మీద వచ్చినప్పటి నుంచి బుజ్జిని బడిలో ఒక కంట కనిపెడుతూనే ఉంది. వెళ్తున్న వనమాలను వెనక్కి పిలిచి మరీ చెప్పింది. "అడిగి అడిగి అందరు అలిసిపోయిన్రు. ఒక్కపూట దాన్ని ఏం అడగకు. అది ఏడికి పోతె నువ్వు ఆడికే పో. అది ఏం జేస్తె నువ్వు గదే జెయ్యి. పక్కన కూసో, గంతే. రేపు సాయంత్రం బడి ఇడిచినంక నేనొచ్చి మీ అన్నతోని మాట్లాడ్త."

రేపు సాయంత్రానికి పిల్ల ఇంట్లో ఉండదని చెప్పడానికి కూడా వనమాలకు నోరు రాలేదు.

ఆ రేపే ఇవాళ. మధ్యాహ్నం పన్నెండు కొట్టింది. మాఘమాసపు ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. బుజ్జికి పప్పూ అన్నం కలిపి మోదుగాకు విస్తట్లో పెట్టింది వనమాల. పిల్ల ఎప్పటిలాగే సగం తిన్నది. మిగతా సగం ఆకుతో సహా రెండు చేతులా ఎత్తుకుని మిద్దె మెట్లెక్కింది. రోజూ అయితే వనమాల కింది నుంచే కేకలు పెట్టేది. ఎంగిలి తీసుకుని ఎటు పోతున్నవ్, దిగు, అని. ఇవాళ కేక పెట్టలేదు. వెనకాలే ఎక్కింది.

మిద్దె మీద సగం మేర మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. రెండో వైపు, పిట్టగోడ దగ్గర, బుజ్జి ఆకు కింద పెట్టింది. చిన్న ముంతలో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. ఆకు వైపే మొహం పెట్టి వెనక్కి అడుగులు వేసింది, ఒకటి, రెండు, ఏడు దాకా. కూర్చుంది. కూర్చుని, కుడి అరచేత్తో తన నోరు తానే మూసుకుంది.

వనమాల పక్కన కూర్చుంది. అది చేసేదే చెయ్యమన్నది కదా టీచరమ్మ. తనూ చెయ్యి ఎత్తి నోటి మీద పెట్టుకుంది. పిల్ల చెయ్యి అంత వదులుగా లేదు. వేళ్లు బుగ్గలోకి దిగి ఉన్నాయి, బొటనవేలు దవడ కింద బిగిసి ఉంది. వనమాల కూడా అలాగే బిగించింది. బిగించగానే ఆమె చేతికి ఏదో గుర్తొచ్చింది. ఈ పట్టు తనదే. ఈ చేత్తో, ఇలాగే, ఈ పిల్ల నోరే మూసింది.

పదకొండో నాడు, వాగొడ్డున.

పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, అందరూ దూరం జరిగి కూర్చుంటారు. పిట్టకు పెట్టడం అంటారు దాన్ని. కాకి వచ్చి ఒక్క మెతుకు ముట్టిందంటే పోయిన మనిషి తృప్తిగా వెళ్లిపోయినట్టు. ముట్టలేదంటే ఏదో కోరిక వెనక ఉండిపోయినట్టు. ఆ రోజు కాకి వచ్చింది. వచ్చి, ఇసుక మీద రెండు గెంతులు గెంతి, ఆకు దగ్గరికి మెడ చాచింది. అప్పుడే బుజ్జి లేచి నిలబడి "అమ్మా" అన్నది. కాకి ఎగిరిపోయింది. వనమాల చటుక్కున పిల్లను లాగి నోరు మూసింది. "నోర్ముయ్యి. నువ్వు మాట్లాడితె మీ అమ్మ రాదు," అన్నది. కోపంలో అన్నది. ఎవరైనా అనే మాటే, అన్న మరునిమిషం తనే మరిచిపోయింది.

మళ్లీ కాకి రాలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఒక్కొక్కరే ఆకు ముందుకు పోయి మాట ఇచ్చి వచ్చారు. "నీ మొగణ్ణి జైల్ల కెల్లి ఇడిపిచ్చుకొస్తం," అన్నాడు వెంకట్రాజం. "నీ బిడ్డను నా కడుపుల పెట్టుకుంట వదినా," అన్నది వనమాల. రాలేదు. చుట్టాల్లో ఒక ముసలామె గొణిగింది. "పానం పిల్ల మీద కొట్టుకుంటున్నది. ఆకలితోనే తిరుగుతది, ఏడికి పోతది." అంతలో పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టని వెంకట్రాజం ఇసుకలో ఒరిగిపోయాడు. కళ్లు తేలేశాడు. ఇంట్లో ఇంకో పీనుగు లేస్తుందనుకుంది వనమాల. చూసొస్తానని ఆకు దగ్గరికి పోయి, వీపు అడ్డం పెట్టి, నాలుగు వేళ్లతో మెతుకులు అటూ ఇటూ చెదరగొట్టింది. పరుగెత్తుకుంటూ వచ్చి, "ముట్టింది బాపూ, పిట్ట ముట్టింది," అన్నది. అందరూ దండం పెట్టారు. స్నానాలు చేసి ఇళ్లకు పోయారు. ఎవరూ చూడలేదనే అనుకుంది.

ఇదిగో, అదే ఆ రెండో పుండు. బతికి ఉన్న తండ్రి కోసం చచ్చిపోయిన వదినకు ద్రోహం చేశానని ఎనిమిది నెలలుగా లోలోపల కుమిలిపోతోంది. ఇప్పుడు మిద్దె మీద బుజ్జి లేచింది. ఆకు దగ్గరికి పోయింది. నాలుగు వేళ్లతో మెతుకులు అటొకసారి ఇటొకసారి చెదరగొట్టింది. తిరిగి మేనత్త మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. అవునా కాదా అని అడుగుతోంది, అంతే.

వనమాల చెయ్యి నోటి మీంచి తీసింది. "అవు బిడ్డా," అన్నది. "ముట్టలే. నేనే చెదరగొట్టిన."

పిల్ల తల ఊపింది. మెతుకులన్నీ మళ్లీ కుప్ప చేసి, ఏడడుగులు వెనక్కి వేసి, వచ్చి కూర్చుంది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వాళ్లమ్మ ఆకలితో ఉంది. తను నోరు తెరిస్తే రాదు. అందుకని తన అన్నంలో సగం పెట్టి, నోరు మూసుకుని, ఎనిమిది నెలలుగా కాచుకుని ఉంది. దయ్యమూ లేదు, గాలీ లేదు. పెద్దవాళ్లు చెప్పిన మాట ఒక్కటి కూడా జవదాటని పిల్ల, అంతే.

"బుజ్జీ, నేనన్నది ఉత్తదే బిడ్డా. కోపంల అన్న. నువ్వు మాట్లాడినా మీ అమ్మ ఏమనది. మాట్లాడు తల్లీ. అత్తమ్మా అను. ఏదన్న అను." వనమాల ఆ చిన్న చెయ్యి పట్టుకుని నోటి మీంచి తీయబోయింది. పిల్ల ఇంకా గట్టిగా బిగించుకుంది. ముట్టకుండానే ముట్టిందని చెప్పిన అత్తమ్మ ఆమె. ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమని ఆ పిల్ల ఎందుకు నమ్మాలి?

వనమాల కిందికి దిగింది. నడి ఇంట్లో వెంకట్రాజం ప్రయాణానికి మూట కడుతున్నాడు. గొంగడి, రెండు లంగాలు, దారిలోకి అటుకులు. వనమాల తండ్రి ముందు కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ముసలాయన మూట ముడి విప్పాడు, మళ్లీ కట్టాడు.

"గీ ముచ్చట మీ అన్నకు చెప్పకు."

"చెప్పకుంటె పిల్లను తోలుకపోతడు బాపూ. గొలుసేస్తరట దానికి."

"రెండుసార్లు రైలు పట్టాల కాడికెల్లి తోలుకొచ్చిన వాణ్ని. నీకు ఎరికే గద." వెంకట్రాజం గొంతు తగ్గించాడు. "పెండ్లాం సచ్చిపోతే నోట్ల తులసినీళ్లు పొయ్యలే, పాడె పట్టలే. గా ఒక్క మాట మీద బతుకుతున్నడు వాడు. పిట్ట ముట్టిందట, నిమ్మళంగ పోయిందట అని. గది గూడ గుంజుకుంటవా?"

"మరి పిల్ల?"

"పిల్లకు నలభై దినాలు. నా కొడుకుకు పానం." ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. "నన్ను ఏం జెయ్యమంటవ్ బిడ్డా."

ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని తన దారి తను చూసుకునేది. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది వనమాల. ఒక పక్క అన్న, ఒక పక్క పిల్ల.

ఒంటిగంటకు సోమేశ్వర్ దుకాణం నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. జైలు నుంచి వచ్చాక సగానికి సగం తగ్గిపోయాడు. పీట మీద కూర్చుని, "బుజ్జికి గొంగడి పెట్టినవా చెల్లె? గోదారి దిక్కు సలి పెడ్తదట," అన్నాడు. "దానికి పుంటికూర తొక్కు ఇష్టం, జర సీసాల పొయ్యి. ఆడ ఏం పెడ్తరో ఏమో." చెప్తూ చెప్తూ ఆగిపోయాడు. ఒక ముద్ద కలిపి, కలిపినదాన్నే మళ్లీ కలుపుతున్నాడు.

ఆ ముద్ద చూశాక వనమాల ఆగలేకపోయింది. వెనక నుంచి తండ్రి దగ్గుతున్నా ఆగలేదు. "అన్నా, దానికి గాలి లేదు. పదకొండో నాడు దాని నోరు నేనే మూసిన. నువ్వు మాట్లాడితె మీ అమ్మ రాదన్న. గది నమ్మింది. పిట్ట ముట్టలేదన్నా. బాపు పడిపోయిండని నేను ముట్టిందని చెప్పిన. పిల్ల చూసింది. గందుకే మిద్దె మీద రోజు అన్నం పెట్టి కూసుంటున్నది. గంతే అన్నా, ఇంకేం లేదు. నాలుగు దినాలు ఆగు. రమాదేవి టీచరమ్మ ఇయ్యాల వస్త అన్నది. మేమిద్దరం కలిసి మాట్లాడిపిస్తం."

సోమేశ్వర్ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"ముట్టలేదా?"

"లేదన్నా."

"అంటె సునంద ఎనిమిది నెలల సంది ఆకలితోనే ఉన్నదా?"

ఈ ప్రశ్న వస్తుందని వనమాల అనుకోలేదు. పిల్ల సంగతి చెప్పడానికి నోరు తెరిచింది, అన్నకు వినిపించింది పెళ్లాం సంగతి. ఆమె ఏదో అనబోయేలోపే సోమేశ్వర్ లేచాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"కైలాసం బావ మొదటి దినమే చెప్పిండు, అది తల్లి గాలే అని. నేనే నమ్మలే. పిట్ట ముట్టి పోయిన మనిషి మళ్లెందుకొస్తదని వాదం పెట్టుకున్న. ఆయన మాటే నిజం. సునంద పోలే. పిల్లను పట్టుకొని ఈడనే ఉన్నది."

"కాదన్నా, నేను మూసిన నోరు అది."

"నువ్వు మూసినవు. తెరిపిచ్చుడు నీతోని కాదు. ఇగ దాన్ని ముట్టకు చెల్లె."

అయ్యో, చూడండి తలరాత. పిల్లను కాపాడుతుందని బయటపెట్టిన నిజమే పిల్లకు గొలుసు ఖాయం చేసింది. వనమాల గడపలో అన్న కాళ్లు పట్టుకుంది. అతను కాళ్లు విడిపించుకుని మిద్దె ఎక్కి, బుజ్జిని ఎత్తుకుని దిగాడు. ఆకు పైనే ఉండిపోయింది.

మూట చూడగానే పిల్లకు సంగతి అర్థమైంది. తండ్రి చేతుల్లోంచి వంగి మేనత్త కొంగు పట్టుకుంది. సోమేశ్వర్ ఆ వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు. అతని కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, వేళ్లు విడదీస్తూనే ఉన్నాడు. బుజ్జి నోరు తెరుచుకుంది. గొంతు నరం లేచింది. అరిచెయ్ తల్లీ, ఒక్కసారి అరిచెయ్, ఈ ప్రయాణం ఇక్కడే ఆగిపోతుంది అని వనమాల మనసులో మొక్కుకుంది.

పిల్ల తల ఎత్తి మిద్దె వైపు చూసింది. ఆకు అక్కడ పెట్టి ఉంది. రెండు చేతులూ తెచ్చి నోరు మూసుకుంది. అలాగే తండ్రి భుజం మీద, నోరు మూసుకునే, బజారు మలుపు తిరిగిపోయింది.

వనమాల ఎంతసేపు గడపలో కూర్చుందో తెలియదు. ఏడుపు కూడా రాలేదు. కాసేపటికి, ఎంగిలాకు ఎండలో పడి ఉంది తీసేద్దామని లేచింది. ఎనిమిది నెలల అలవాటు, ఇంట్లో పిల్ల లేకపోయినా చేతులు పని వెతుక్కుంటాయి. మెట్లెక్కుతూ ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది.

పిట్టగోడ మీద కాకి ఉంది. అటూ ఇటూ చూసింది. మిద్దె మీద ఎవరూ లేరు. దిగింది. రెండు గెంతులు గెంతి, ఆకు దగ్గరికి మెడ చాచి, ఒక మెతుకు ముక్కున పట్టింది. ఇంకొకటి. ఇంకొకటి. ముంతలో ముక్కు ముంచి నీళ్లు తాగింది. కావుమని పిలిస్తే ఎక్కడి నుంచో ఇంకో కాకి వచ్చింది. మనిషి కాపలా కూర్చుంటే పిట్ట ఎట్లా దిగుతుంది? ఎనిమిది నెలలుగా ఆ పిచ్చితల్లి అక్కడే కూర్చుని, లేచేటప్పుడు ఆకు కూడా ఎత్తుకొచ్చేసి, వచ్చే పిట్టను తనే రాకుండా చేసుకుంది. ఒక్కపూట పక్కకు జరిగితే అయిపోయే పని. చెప్పడానికి ఎవరున్నారు?

మెట్లు రెండేసి దిగింది వనమాల. స్టేషన్ అరమైలు కూడా లేదు. బండి ఇంకా వచ్చి ఉండదు. తను పోతే అన్న వినడు. బాపు పోతే వింటాడు. పిల్లకు కూడా తాత అంటే నమ్మకం. తాత ఎన్నడూ దానికి అబద్ధం చెప్పలేదు.

వెంకట్రాజం దుకాణం అరుగు మీద, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు.

"బాపూ, లే. స్టేషన్‌కు పోవాలె. ముట్టింది బాపూ, పిట్ట ముట్టింది. నేను ఇప్పుడే చూసిన. నీ కండ్లతోని వచ్చి చూడు, ఆకు సగం తిన్నది. నువ్వొచ్చి బుజ్జికి ఒక్క మాట చెప్పు, అది మాట్లాడ్తది. అన్నకు నిమ్మళమైతది."

ముసలాయన తల ఎత్తి కూతురి మొహంలోకి చూశాడు. మిద్దె వైపు చూడలేదు. రైలు కూత దూరం నుంచి వినబడింది, డోర్నకల్ వైపు నుంచి.

"అప్పుడు గూడ గిట్లనే ఉర్కొచ్చి గిదే మాట చెప్పినవ్ బిడ్డా," అన్నాడు.